కార్పొరేట్ జెట్ల నుంచి పెద్ద కార్గో ఎయిర్‌లైన్‌కు: ఏ గంటలు లెక్కకొస్తాయి, ఎక్కడ ఇబ్బంది పడతారు

వాయులేఖ

అమెరికాలో పార్ట్ 91 (కంపెనీలు, వ్యక్తులు సొంతానికి నడిపే విమానాల నిబంధనలు) కింద నడిచే ఫ్లైట్ డిపార్ట్‌మెంట్లలో గల్ఫ్‌స్ట్రీమ్, ఛాలెంజర్, ఫాల్కన్ నడిపే మనవాళ్ళు ఫెడెక్స్, యూపీఎస్ దరఖాస్తుల గురించి తరచూ అడుగుతున్నారు. సమాచారం తలా ఒక చోట ఉంది. తెలిసినవాళ్ళు ఇక్కడ చెబితే అందరికీ పనికొస్తుంది.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక అభ్యర్థిని ఊహించుకుందాం. వయసు 43. మొత్తం 4,800 గంటలు, అందులో జెట్ పీఐసీ (పైలట్ ఇన్ కమాండ్) 2,600. ఏటీపీ (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు) ఉంది, ఫస్ట్ క్లాస్ మెడికల్ (వైద్య పరీక్ష పత్రం) ఉంది. పార్ట్ 121లో, అంటే ఎయిర్‌లైన్ల నిబంధనల కింద, ఒక్క గంట కూడా లేదు. ఈ 2,600లో నిజంగా నిలబడేవి ఎన్ని? దరఖాస్తుకు ముందు ఏ కాగితాలు సరిచేసుకోవాలి? శిక్షణలో ఎక్కడ తడబడతారు? రాత్రి ఉద్యోగం సంగతేమిటి? ఏది ముందు చెప్పినా ఫర్వాలేదు, వివరంగా చెప్పండి.

లాగ్‌బుక్_లెక్క

మొదట ఆ 2,600 సంగతి. కార్పొరేట్ లాగ్‌బుక్‌లో పీఐసీ అనే మాట కింద రెండు వేర్వేరు లెక్కలు కలిసిపోయి ఉంటాయి.

ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన 61.51(ఇ) ప్రకారం టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఉన్న పైలట్ తాను ఒక్కడే కంట్రోల్స్ పట్టుకున్న సమయాన్ని పీఐసీగా రాసుకోవచ్చు. పార్ట్ 1లోని నిర్వచనం వేరు. ఆ ఫ్లైటుకు తుది అధికారం, బాధ్యత ఎవరిదో, ఎవరిని ముందుగా పీఐసీగా నియమించారో ఆ ఒక్కరే పీఐసీ. ఎయిర్‌లైన్ దరఖాస్తులు సాధారణంగా అడిగేది ఈ రెండోదే. ఇద్దరు కెప్టెన్లు లెగ్గుకొకరు (ఒక టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఒక లెగ్) సీట్లు మార్చుకునే డిపార్ట్‌మెంట్లో ఇద్దరి లాగ్‌బుక్కుల్లోనూ పీఐసీ ఉంటుంది గాని, సంతకం పెట్టిన కెప్టెన్ ఒక్కడే. అందుకే 2,600 అని రాసినవాళ్ళకి విడదీసి చూస్తే 1,500 మిగలడం వింతేమీ కాదు.

చేయాల్సిన పని: లాగ్‌బుక్‌లో "పార్ట్ 1 పీఐసీ" అని ఒక కాలమ్ అదనంగా పెట్టండి. డిపార్ట్‌మెంట్ షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ట్రిప్ షీట్లు తీయించుకుని, ప్రతి లెగ్గుకూ పీఐసీగా ఎవరి పేరుందో చూసి నింపండి. ఉద్యోగం మానేశాక ఆ షీట్లు అడిగితే దొరకడం కష్టం. ఉన్నప్పుడే తీసుకోండి. పాత యజమాని విమానం అమ్మేసి డిపార్ట్‌మెంట్ మూసేసి ఉంటే ఇంజిన్ లాగ్, టెక్ లాగ్ నకళ్ళయినా ఉపయోగపడతాయి.

ఇంకొకటి, ఎస్ఐసీ (సెకండ్ ఇన్ కమాండ్, అంటే రెండో పైలట్) గంటలు. సైటేషన్ సీజే3 లాంటి విమానాన్ని ఒక్క పైలట్‌తో నడపడానికి సర్టిఫై చేశారు. పార్ట్ 91లో అందులో కుడివైపు కూర్చున్నంత మాత్రాన ఎస్ఐసీ రాసుకోవడం కుదరదు. టైప్ సర్టిఫికెట్ గానీ, ఆ ఫ్లైటుకు వర్తించే నిబంధన గానీ రెండో పైలట్‌ను తప్పనిసరి చేసినప్పుడే 61.51(ఎఫ్) కింద అది లెక్కకొస్తుంది. కింగ్ ఎయిర్‌కూ ఇదే వర్తిస్తుంది. ఇంటర్వ్యూ బల్ల మీద లాగ్‌బుక్ తిరగేసేవాళ్ళు ముందు చూసేది ఇలాంటి వరుసలనే.

కెప్టెన్_సీటు

పై పోస్టుకు కొనసాగింపు. చాలామందికి తెలియని నిబంధన 121.436. పార్ట్ 121లో కెప్టెన్ కావాలంటే ఏటీపీ, టైప్ రేటింగ్ సరిపోవు, ఎయిర్ క్యారియర్ అనుభవం 1,000 గంటలు కావాలి. అందులో లెక్కకొచ్చేవి ఇవి: పార్ట్ 121లో ఎస్ఐసీ, పార్ట్ 91కే కింద ఫ్రాక్షనల్ (ఒక విమానాన్ని పలువురు వాటాలుగా కొనే) ఆపరేషన్లలో పీఐసీ, 135.243(ఎ)(1) కింద ప్రయాణికులతో నడిపిన జెట్ పీఐసీ. మిలిటరీ వాళ్ళకు విడిగా 500 గంటల దాకా వెసులుబాటు ఉంది.

మామూలు పార్ట్ 91 కార్పొరేట్ పీఐసీకి ఇక్కడ విలువ సున్నా. పదివేల గంటలు గల్ఫ్‌స్ట్రీమ్ కెప్టెన్‌గా చేసినా ఈ వెయ్యిలో ఒక్కటి కూడా తగ్గదు.

అయితే దీనివల్ల ఉద్యోగం రాదని అనుకోవద్దు. చేరేది ఫస్ట్ ఆఫీసర్‌గానే. పెద్ద కార్గో కంపెనీలో సీనియారిటీ వచ్చేసరికి ఆ వెయ్యి ఎలాగూ పూర్తవుతాయి. అప్‌గ్రేడ్ తొందరగా వచ్చే చిన్న ఏసీఎంఐ (విమానాన్ని సిబ్బందితో సహా ఇతరులకు అద్దెకిచ్చే) కంపెనీల్లో మాత్రం ఈ నిబంధన నేరుగా తగులుతుంది.

మేనేజ్‌మెంట్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళు జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. అదే విమానం ఓనర్ ఎక్కినప్పుడు పార్ట్ 91, చార్టర్‌కు ఇచ్చినప్పుడు పార్ట్ 135. లాగ్‌బుక్‌లో ఈ రెండింటినీ విడదీయకపోతే వెయ్యిలోకి రావాల్సిన గంటలు కూడా పోతాయి. ఖాళీ రీపొజిషన్ లెగ్గులు సాధారణంగా పార్ట్ 91 కిందే నడుస్తాయి, వాటిని 135 కాలమ్‌లో వేయకండి.

ఫాల్కన్_ఇరవై

ఒక చిన్న పక్కమాట. ఫెడెక్స్ పుట్టిందే కార్పొరేట్ జెట్లతో. 1973 ఏప్రిల్ 17 రాత్రి మెంఫిస్ నుంచి 14 దస్సో ఫాల్కన్ 20లతో 25 నగరాలకు 186 పార్సిళ్ళు పంపి కంపెనీ పని మొదలుపెట్టింది. అంత చిన్న విమానాలే ఎందుకంటే, అప్పటి నిబంధనల్లో ఎయిర్ టాక్సీ మినహాయింపు కింద 7,500 పౌన్ల సరుకు బరువు దాకానే అనుమతి. 1977లో ఎయిర్ కార్గోపై నియంత్రణ ఎత్తేశాకే పెద్ద విమానాలు వచ్చాయి. ఆ ఫాల్కన్లలో ఒకటి ఇప్పటికీ స్మిత్సోనియన్ వారి ఉడ్వర్-హేజీ కేంద్రంలో ఉంది. కార్పొరేట్ జెట్ పైలట్‌ను కార్గోకు పరాయివాడిగా చూసేవాళ్ళకు ఈ చరిత్ర గుర్తుచేయాలి.

వాయులేఖ

లాగ్‌బుక్_లెక్క గారూ, కెప్టెన్_సీటు గారూ, చాలా ఉపయోగం. రికార్డుల సంగతి ఎవరైనా చెబుతారా? పార్ట్ 91 డిపార్ట్‌మెంట్ నుంచి పీఆర్‌డీలోకి (ఎఫ్ఏఏ పైలట్ రికార్డ్స్ డేటాబేస్) ఏమేం వెళ్తాయి?

పత్రాల_పెట్టె

పైలట్ రికార్డ్స్ డేటాబేస్ నిబంధన 2021లో వచ్చింది, పార్ట్ 111. పాత యజమానుల నుంచి రికార్డులు తెప్పించుకునే పాత ప్రియా పద్ధతి 2024 సెప్టెంబరులో పూర్తిగా ఆగిపోయింది.

కార్పొరేట్ డిపార్ట్‌మెంట్లకు వర్తించే గీత ఇది: టైప్ రేటింగ్ అవసరమైన విమానాలు లేదా టర్బైన్ హెలికాప్టర్లు రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ నడిపే పార్ట్ 91 ఆపరేటర్ రిపోర్టు చేయాల్సిన జాబితాలో ఉంటారు. ఒకే విమానం ఉన్న డిపార్ట్‌మెంట్ ఆ జాబితాలో లేదు. అలాంటి చోట పనిచేసినవాళ్ళు తమ శిక్షణ రికార్డులు తామే దాచుకోవాలి. సిమ్యులేటర్ కేంద్రం ఇచ్చే 61.58 చెక్ (పీఐసీ సామర్థ్య పరీక్ష) పత్రాలు, టైప్ రేటింగ్ పత్రాలు, రికరెంట్ (మళ్ళీ మళ్ళీ చేసే శిక్షణ) సర్టిఫికెట్లు అన్నీ స్కాన్ చేసి తేదీల వరుసలో పెట్టుకోండి.

దరఖాస్తుకు ముందే పీఆర్‌డీలో మీ ఖాతా తెరిచి మీ రికార్డు మీరే చదవండి. తప్పు కనిపిస్తే దిద్దించడానికి దారి ఉంది గాని టైము పడుతుంది. కంపెనీ చూడాలంటే మీ సమ్మతి కావాలి. ఆ సమ్మతి ఇవ్వడం మరిచిపోయి ఫైలు ఆగిపోయే సందర్భాలూ ఉంటాయి. డ్రైవింగ్ రికార్డు నేషనల్ డ్రైవర్ రిజిస్టర్ ద్వారా వస్తుంది. తాగి వాహనం నడిపిన కేసు ఉంటే 61.15 కింద 60 రోజుల్లో ఎఫ్ఏఏకు తెలియజేయాలి. తెలియజేయకపోవడం విడిగా మరో ఉల్లంఘన.

ఫెయిలైన చెక్‌రైడ్లన్నీ (లైసెన్సు, రేటింగ్ కోసం ఎగిరి చూపే పరీక్షలు) రాయండి. ప్రైవేట్ పైలట్ దశలో తప్పింది కూడా. ఒకటి రెండు ఫెయిల్యూర్లతో తలుపు మూసుకుపోదు. దరఖాస్తులో రాసిందీ ఎఫ్ఏఏ రికార్డులో ఉన్నదీ సరిపోలకపోతే మాత్రం అక్కడితో ముగుస్తుంది.

డ్రగ్ టెస్టుల విషయంలో కార్పొరేట్ వాళ్ళకు ఒక ప్రత్యేకత ఉంది. కేవలం పార్ట్ 91లో పనిచేసేవాళ్ళు రవాణా శాఖ టెస్టింగ్ కార్యక్రమంలో ఉండరు. కంపెనీ సొంతంగా చేయించిన పరీక్ష దానికి సాటి రాదు. కార్గో కంపెనీ చేరికకు ముందు కొత్తగా పరీక్ష చేయిస్తుంది. 135లో చేసినవాళ్ళైతే గత రెండేళ్ళ ఫలితాల కోసం పాత యజమానిని అడుగుతుంది.

మరికొన్ని చిన్నవి. సర్టిఫికెట్ మీద "ఇంగ్లిష్ ప్రొఫిషియెంట్" అన్న వాక్యం ఉందో లేదో చూడండి. ఎఫ్‌సీసీ రేడియో పర్మిట్ తీసుకోండి, దానికి గడువు ఉండదు. పాస్‌పోర్టు గడువు దగ్గరపడుతుంటే ఇప్పుడే మార్చండి. ఫస్ట్ క్లాస్ మెడికల్ 40 దాటినవాళ్ళకు 6 నెలలే. శిక్షణ మధ్యలో గడువు తీరకుండా తేదీ చూసుకుని చేయించుకోండి.

డిస్పాచ్_బల్ల

కాగితాల తర్వాత అసలు తేడా నిబంధనల్లో ఉంది. పార్ట్ 91లో కెప్టెన్ ఒక్కడే తేల్చుకునే విషయాలు చాలా ఉంటాయి. 121లో వాటి చుట్టూ లెక్కలు బిగిసి ఉంటాయి. మూడు ఉదాహరణలు చాలు.

ల్యాండింగ్ దూరం: విమానం నిజంగా ఆగడానికి 3,600 అడుగులు పడుతుందనుకుందాం. పార్ట్ 91లో 4,000 అడుగుల రన్‌వే చట్టబద్ధమే. 121.195 ప్రకారం గమ్యంలో రన్‌వే ప్రభావ పొడవులో 60 శాతం లోపల ఆగాలి. అంటే 3,600ను 0.6తో భాగిస్తే 6,000 అడుగులు. రన్‌వే తడిగా ఉంటుందని అంచనా ఉంటే మరో 15 శాతం, అంటే 6,900. ఇది బయల్దేరే ముందు వేసే లెక్క. గాల్లో ఉన్నప్పటి అసెస్‌మెంట్ వేరు.

అప్రోచ్: పార్ట్ 91లో విజిబిలిటీ మినిమం (దిగడానికి కావాల్సిన కనీస హద్దు) కంటే తక్కువని రిపోర్టు వచ్చినా అప్రోచ్ మొదలుపెట్టి కిందికి వచ్చి చూడొచ్చు. 121.651 ప్రకారం తాజా రిపోర్టు మినిమం కంటే తక్కువుంటే ఫైనల్ అప్రోచ్ సెగ్మెంట్‌లోకి అడుగు పెట్టకూడదు. లోపలికి వచ్చాక పడిపోతే కొనసాగవచ్చు. సిమ్ ఇవాల్యుయేషన్‌లో ఆర్‌వీఆర్‌ను (రన్‌వే మీద కనిపించే దూరం) సరిగ్గా ఫైనల్ అప్రోచ్ ఫిక్స్‌కు కాస్త ముందు తగ్గించి, ఏం చేస్తారో చూస్తారు. కార్పొరేట్ అలవాటుతో "చూద్దాం" అన్నవాళ్ళు అక్కడే దొరికిపోతారు.

టేకాఫ్ ఆల్టర్నేట్: బయల్దేరే చోట వాతావరణం ల్యాండింగ్ మినిమం కంటే తక్కువుంటే, రెండు ఇంజిన్ల విమానానికి ఒక ఇంజిన్‌తో గాలి లేని లెక్కన గంటలోపు చేరే ప్రత్యామ్నాయ విమానాశ్రయం రిలీజ్‌లో (ఫ్లైట్ బయల్దేరడానికిచ్చే అనుమతి పత్రం) రాసి ఉండాలి.

వీటన్నిటికీ మూలం డిస్పాచర్, అంటే నేల మీద నుంచి ఫ్లైటును ప్లాన్ చేసి గమనించే వ్యక్తి. 121లో రిలీజ్ మీద డిస్పాచర్‌దీ కెప్టెన్‌దీ ఉమ్మడి బాధ్యత. ఇంధనం మార్చినా, ఆల్టర్నేట్ మార్చినా, ఎంఈఎల్ (పాడైనా ఎగరడానికి అనుమతి ఉన్న పరికరాల జాబితా) ఐటం కొత్తగా వచ్చినా ఇద్దరూ ఒప్పుకుని రిలీజ్ సవరించాలి. కార్పొరేట్‌లో ఫ్లైట్ ప్లాన్, హ్యాండ్లింగ్, కేటరింగ్, హోటల్ అన్నీ పైలటే చూసుకుంటాడు. ఇక్కడ ఆ పనులు చేయడానికి మనుషులున్నారు. వాళ్ళకు చెప్పకుండా సొంతంగా సర్దుబాటు చేయడమే తప్పవుతుంది.

సిమ్_బే

డిస్పాచ్_బల్ల గారు చెప్పిన అప్రోచ్ సంగతికి తోడు, కార్పొరేట్ నుంచి వచ్చేవాళ్ళు సిమ్‌లో తడబడే చోట్లు చెబుతాను. చేయి తిరిగిన పైలట్లే వస్తారు, ఎగరడం రాక ఇబ్బంది పడేవాళ్ళు అరుదు.

మొదటిది ఇంజిన్ ఫెయిల్యూర్. గల్ఫ్‌స్ట్రీమ్, ఛాలెంజర్, ఫాల్కన్ అన్నిటికీ ఇంజిన్లు తోక దగ్గర, మధ్య గీతకు చేరువగా ఉంటాయి. వీ1 (టేకాఫ్ ఆపడానికి వీలున్న చివరి వేగం) దాటాక ఒకటి ఆగితే ముక్కు పక్కకు తిరగడం కొద్దిగానే ఉంటుంది. 757, 767లకు ఇంజిన్లు రెక్కల కింద దూరంగా ఉంటాయి. అదే ఫెయిల్యూర్‌కు విమానం గట్టిగా పక్కకు లాగుతుంది. పాత అలవాటుతో రడ్డర్ (తోక మీది పలక) సగమే తొక్కి, మిగతాది ఎయిలరాన్‌తో (రెక్క అంచు పలక) సర్దడానికి చూస్తారు. అప్పుడు స్పాయిలర్లు లేచి క్లైంబ్ పడిపోతుంది. యోక్ సమంగా ఉండేదాకా రడ్డర్ తొక్కి, ట్రిమ్ వేసి, ఆ తర్వాతే చెక్‌లిస్టు. మొదటి రెండు సెషన్లలో ఇది కాలికి అలవాటైతే మిగతా మనూవర్లు సాఫీగా సాగుతాయి.

రెండోది బరువు. జీ650 గరిష్ఠ టేకాఫ్ బరువు 99,600 పౌన్లు. 767-300 ఫ్రైటర్‌ది 4,12,000. 777 ఫ్రైటర్‌ది 7,66,800. వేగం తగ్గించుకోవడానికి ఎక్కువ దూరం కావాలి, డిసెంట్ ముందే ప్లాన్ చేయాలి, అప్రోచ్‌లో పవర్ ఆలస్యంగా పెడితే దాని ఫలితమూ ఆలస్యంగా కనిపిస్తుంది. కాక్‌పిట్ నేలకు ఎత్తుగా, మెయిన్ గేర్ చాలా వెనగ్గా ఉంటాయి కాబట్టి కంటి అంచనాతో ఫ్లేర్ (నేల తాకేముందు ముక్కు ఎత్తడం) చేస్తే ఆలస్యమవుతుంది. రేడియో ఆల్టిమీటర్ పలికే అంకెలతో చేయి కలపాలి. పక్కగాలిలో రెక్క వంచి దిగే అలవాటు కూడా మార్చుకోవాలి, కింద ఇంజిన్ పాడ్ ఉంది.

మూడోది, అన్నిటికంటే పెద్దది, కాలౌట్లు, అంటే పైలట్లు ఒకరికొకరు బిగ్గరగా పలికే నిర్ణీత మాటలు. ఇద్దరే ఏళ్ళ తరబడి కలిసి ఎగిరే డిపార్ట్‌మెంట్లో సగం కాలౌట్లు తలూపుళ్ళుగా మారిపోతాయి. ఎయిర్‌లైన్‌లో పక్క సీటులో రోజుకొక కొత్త మనిషి. మాట మాటా పుస్తకంలో ఉన్నట్టే పలకాలి. పుస్తకంలో లేని కాలౌట్ కలపడమూ తప్పే.

2014 మే 31న బెడ్‌ఫర్డ్ హాన్స్కమ్ ఫీల్డ్‌లో జీ-4 ప్రమాదం గుర్తుంచుకోండి. గస్ట్ లాక్ (నిలిపినప్పుడు కంట్రోల్స్ కదలకుండా పట్టే తాళం) తీయకుండా టేకాఫ్ మొదలుపెట్టారు, ఏడుగురు చనిపోయారు. రికార్డర్ డేటా చూస్తే అంతకుముందు 175 టేకాఫ్‌లలో 98 శాతం సార్లు కంట్రోల్ చెక్ పూర్తిగా చేయలేదని ఎన్‌టీఎస్‌బీ (ప్రమాదాల దర్యాప్తు సంస్థ) తేల్చింది. కార్పొరేట్ అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసేవాళ్ళ మనసులో ఆ ప్రశ్న ఉంటుంది. చెక్‌లిస్టు క్రమశిక్షణ మీకు అలవాటని సిమ్‌లో మొదటి పది నిమిషాల్లోనే కనిపించాలి.

సిద్ధం కావడానికి ఒక పద్ధతి. క్లాసు తేదీ రాగానే కాక్‌పిట్ పోస్టర్ గోడకు తగిలించి ఫ్లోలు (స్విచ్‌లు వరుసగా సరిచూసే క్రమం) చేత్తో తాకుతూ బిగ్గరగా చెప్పండి. ఎఫ్‌టీడీలోకి (శిక్షణ కాక్‌పిట్) వెళ్ళే రోజుకు ఫ్లోలు, లిమిటేషన్లు, మెమరీ ఐటమ్స్ కంఠతా వచ్చి ఉండాలి. సిమ్యులేటర్ కేంద్రంలో రెండు మూడు వారాల్లో టైప్ రేటింగ్ ఇచ్చే పద్ధతికి అలవాటుపడినవాళ్ళు, ఎయిర్‌లైన్‌లో ఇండాక్ (కంపెనీ పరిచయ తరగతులు), సిస్టమ్స్, ప్రొసీజర్స్, మనూవర్స్ వాలిడేషన్, ఎల్‌ఓఈ (నిజమైన ఫ్లైటులా సాగే సిమ్ పరీక్ష) అని దశలవారీగా నడుస్తుంటే చాలా టైముందనుకుంటారు. ఏ దశలోనూ వెనకబడకండి.

గగన_వీధి

> పుస్తకంలో లేని కాలౌట్ కలపడమూ తప్పే

దీనికి నా మద్దతు. పైలట్ మానిటరింగ్ (నడపకుండా గమనించే పైలట్) సీటులో కూర్చున్నప్పుడు కూడా ఇవాల్యుయేట్ చేస్తారని గుర్తుంచుకోండి. సిమ్ పార్ట్‌నర్‌కు సాయం చేసే తీరు మీద కూడా మార్కులుంటాయి.

ఓఈ (ఆపరేటింగ్ ఎక్స్‌పీరియన్స్, అంటే పర్యవేక్షణలో లైన్ ఫ్లయింగ్) గురించి ఎవరైనా చెబుతారా? 100 గంటల కన్సాలిడేషన్ అంటే ఏమిటో చాలామందికి స్పష్టంగా లేదు.

లైన్_చెక్

121.434 కింద గ్రూప్ 2 జెట్‌కు కొత్తగా వచ్చినవాళ్ళకు చెక్ ఎయిర్‌మన్‌తో (ఇతర పైలట్లను పరీక్షించే పైలట్) 25 గంటల ఆపరేటింగ్ ఎక్స్‌పీరియన్స్. ల్యాండింగ్‌కు ఒక గంట చొప్పున సగం దాకా తగ్గించుకోవచ్చు. ఏక్యూపీ (ఎఫ్ఏఏ ఒప్పుకున్న కంపెనీ సొంత శిక్షణ పద్ధతి) కింద కంపెనీ కార్యక్రమంలో కొద్దిగా తేడాలుండొచ్చు.

తర్వాత కన్సాలిడేషన్: చెక్ పాసైన నాటి నుంచి 120 రోజుల్లో ఆ టైప్‌లో 100 గంటల లైన్ ఫ్లయింగ్ పూర్తి కావాలి. కాకపోతే 120వ రోజులోపు రిఫ్రెషర్ శిక్షణ పూర్తిచేసినా, చెక్ ఎయిర్‌మన్ గమనించి సామర్థ్యం సరిపోతుందని తేల్చినా 150 రోజుల దాకా పొడిగింపు ఉంటుంది. రిజర్వ్‌లో (పిలుపు కోసం సిద్ధంగా ఉండే డ్యూటీ) పడి ఫోన్ మోగకపోతే ఈ గంటలు కూడవు. కాబట్టి ఓఈ అయిన మొదటి రెండు నెలల్లో సెలవులు, ట్రిప్ డ్రాప్‌లు పెట్టుకోకండి. గంటలు తగ్గుతున్నాయని అనిపిస్తే 90వ రోజు దాకా ఆగకుండా ట్రైనింగ్ ఆఫీసుకు ముందే చెప్పండి.

ఆ వంద గంటలు నిండేదాకా 121.438 అడ్డొస్తుంది. కెప్టెన్ చెక్ ఎయిర్‌మన్ కాకపోతే, విజిబిలిటీ ముప్పావు మైలు లేదా అంతకంటే తక్కువున్నా, ఆర్‌వీఆర్ 4,000 లేదా అంతకంటే తక్కువున్నా, రన్‌వే మీద నీళ్ళు, మంచు, స్లష్ ఉన్నా, బ్రేకింగ్ యాక్షన్ "గుడ్" కంటే తక్కువున్నా, పక్కగాలి 15 నాట్లు దాటినా, విండ్ షియర్ రిపోర్టు ఉన్నా టేకాఫ్, ల్యాండింగ్ కెప్టెనే చేయాలి. అలాగే ఇద్దరిలో కనీసం ఒకరికి ఆ టైప్‌లో 75 గంటలుండాలి. కొత్త కెప్టెన్‌తో జతపడితే ట్రిప్ మారిపోయేది అందుకే. ఈ లెక్కను ఫస్ట్ ఆఫీసరే గుర్తుచేయాలి, కెప్టెన్ మీ గంటలు అడుగుతాడని ఎదురుచూడొద్దు.

మొదటి సీటు ఎంచుకోవడం మీ చేతిలో ఉంటే నా అభిప్రాయం: చిన్న లెగ్గులున్న 757 గానీ ఏ300 గానీ మంచిది. ఎక్కువ ల్యాండింగులు దొరుకుతాయి. 777లో ముగ్గురు నలుగురు పైలట్లతో సముద్రాలు దాటుతూ ఉంటే 90 రోజుల్లో మూడు ల్యాండింగులు కూడా రాక సిమ్‌కు పంపాల్సి రావొచ్చు.

రాత్రి_సార్ట్

అందరూ రాత్రి పని అంటారు గాని రాత్రి ఎలా గడుస్తుందో చెప్పరు. హబ్ పద్ధతి ఇది: చుట్టుపక్కల నగరాల నుంచి విమానాలు అర్ధరాత్రికి కాస్త అటూ ఇటూగా మెంఫిస్, లూయీవిల్ చేరతాయి. పార్సిళ్ళు విడదీసి మళ్ళీ ఎక్కించేదాకా మూడు నాలుగు గంటలు పైలట్ హబ్‌లోనే ఉంటాడు. తెల్లవారుజామున మళ్ళీ బయల్దేరి సూర్యోదయానికి గమ్యం. ఆ మధ్య గంటల్లో పడుకోవడానికి హబ్‌లో గదులుంటాయి. దిగిన వెంటనే గదికి వెళ్ళి గంటన్నర పడుకునేవాళ్ళు రెండో లెగ్ బాగా నడుపుతారు. కెఫెటీరియాలో కబుర్లతో గడిపితే తెల్లవారుజాము 5 గంటలప్పటి అప్రోచ్‌లో దాని ప్రభావం తెలుస్తుంది.

పార్ట్ 117 విశ్రాంతి నిబంధనలు 2014 జనవరి 4 నుంచి అమల్లో ఉన్నాయి గాని కార్గో విమానాలకు వర్తించవు. యూపీఎస్ పైలట్ల సంఘం ఐపీఏ కోర్టుకు వెళ్ళింది, 2016లో డీసీ సర్క్యూట్ కోర్టు ఎఫ్ఏఏ పక్షానే తీర్పిచ్చింది. కాబట్టి కార్గో ఇప్పటికీ పార్ట్ 121లోని పాత క్యూ, ఆర్, ఎస్ సబ్‌పార్ట్‌ల కిందే నడుస్తోంది. ఇద్దరు పైలట్లకు 24 గంటల్లో ఎగిరే హద్దు 8 గంటలు, మూడో వ్యక్తి ఉంటే 12. యూనియన్ కాంట్రాక్టులు అంతకంటే బిగుతుగా ఉంటాయి. రోజువారీ మీ హద్దు కాంట్రాక్టే, అందుకే షెడ్యూలింగ్ అధ్యాయం మొదటి నెలలోనే చదవాలి.

2013 ఆగస్టు 14 తెల్లవారకముందు బర్మింగ్‌హామ్‌లో యూపీఎస్ 1354, ఏ300, రన్‌వే 18 లోకలైజర్ (రన్‌వే దిశ మాత్రమే చూపే) అప్రోచ్‌లో కూలింది. నిలకడ లేని అప్రోచ్‌ను కొనసాగించడం, ఎత్తును గమనించకపోవడం ప్రధాన కారణమని ఎన్‌టీఎస్‌బీ చెప్పింది. దోహదం చేసినవాటిలో ఫస్ట్ ఆఫీసర్ అలసటను, డ్యూటీ లేని సమయాన్ని సరిగా వాడుకోకపోవడాన్ని పేర్కొంది. కార్పొరేట్ నుంచి వచ్చేవాళ్ళు ఆ నివేదిక చదవాలి. ఎందుకంటే వాళ్ళకు అలసట అంటే అనుకోకుండా పొడుగైన రోజు. ఇక్కడ వారం వారం ముందే రాసిపెట్టిన రాత్రులు. వరుస రాత్రుల్లో నిద్ర వేళను ఒకేచోట నిలపాలి. గది పూర్తిగా చీకటి చేయాలి. హోటల్లో ఉదయం లిఫ్టు పక్క గది ఇస్తే మార్పించుకోవాలి. ట్రిప్ మొదలయ్యే రోజు పొద్దున్నే లేచి జంప్‌సీట్‌లో (కాక్‌పిట్‌లోని అదనపు సీటు) దేశం దాటి వచ్చి, అదే రాత్రి డ్యూటీ ఎక్కడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఒంట్లో బాగా అలసట ఉంటే ఫెటీగ్ కాల్ చేయండి. దానికి పద్ధతి ఉంది, యజమానికి ఇబ్బంది అవుతుందేమోనన్న మొహమాటం ఇక్కడ అక్కర్లేదు.

మెయిన్_డెక్

సరుకు గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేను చెబుతా.

నోటాక్ (ప్రమాదకర సరుకు వివరాలు కెప్టెన్‌కు ఇచ్చే పత్రం) మీద సంతకం పెట్టే ముందు చదవండి. ఏ పొజిషన్‌లో ఏ ప్రమాదకర పదార్థం ఉందో, ఎంత ఉందో, కార్గో విమానాలకే పరిమితమైనదేమైనా ఉందో చూడాలి. విడిగా పంపే లిథియం-అయాన్ బ్యాటరీలను, యూఎన్ 3480, 2016 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా తీసుకోరు. అవి మీ దగ్గరికే వస్తాయి.

మెయిన్ డెక్ (పై సరుకు అంతస్తు) క్లాస్ ఇ కంపార్ట్‌మెంట్. అక్కడ మంటకు గాలి ఆపడం, ఒత్తిడి తగ్గించి ఆక్సిజన్ లేకుండా చేయడమే ప్రధాన ఆయుధం. విమానాన్ని బట్టి 20,000 నుంచి 25,000 అడుగుల దగ్గర క్యాబిన్ డీప్రెషరైజ్ చేస్తారు. అంటే మాస్కులు పెట్టుకునే మొత్తం పని చేయాలి. 2010 సెప్టెంబరు 3న దుబాయ్‌లో యూపీఎస్ 6, 747, బ్యాటరీల మంటతో కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. పొగలో పరికరాలు కనిపించలేదు, కెప్టెన్ మాస్కుకు ఆక్సిజన్ ఆగిపోయింది. అందుకే ప్రీఫ్లైట్‌లో మాస్కు, స్మోక్ గాగుల్స్, ఆక్సిజన్ ప్రవాహం పరీక్షించేటప్పుడు తొందర వద్దు. మాస్కు పెట్టుకుని మైక్‌లో మాట్లాడి చూడండి. వెనక ప్రయాణికులున్న విమానంలో పొగ వాసన ఎవరో ఒకరు చెబుతారు. ఇక్కడ డిటెక్టర్, మీరు, అంతే.

బిడ్_షీట్

డబ్బు, టైమింగ్ సంగతి క్లుప్తంగా.

అన్నిటికీ సీనియారిటీ సంఖ్యే ఆధారం: విమానం, బేస్, నెలవారీ లైన్ (ట్రిప్పుల పట్టిక), సెలవు, అప్‌గ్రేడ్. క్లాసు వారం ముందుకు జరిగినా వెనక్కి జరిగినా ఆ తేడా కెరీర్ పొడవునా ఉంటుంది. కాబట్టి తేదీ ఇస్తే ముందుదే తీసుకోండి. పార్ట్ 121లో 65కు ఆగాలి. 43 ఏళ్ళ వ్యక్తికి 22 ఏళ్ళున్నాయి, లెక్క బాగానే కుదురుతుంది. 55లో వచ్చేవాళ్ళు మాత్రం మొదటి ఏళ్ళ తక్కువ జీతాన్ని ఎన్నేళ్ళలో తిరిగి సంపాదిస్తారో కాగితం మీద వేసుకోవాలి, ఎందుకంటే మామూలు పార్ట్ 91కు ఆ వయసు హద్దు లేదు.

పాత యజమానితో ట్రైనింగ్ ఒప్పందం ఉంటే ముందే చదవండి. ఇటీవల చేయించిన టైప్ రేటింగ్ లేదా రికరెంట్ ఖర్చు నెలల లెక్కన తగ్గుతూ తిరిగి కట్టాలని ఉంటుంది. కొత్త టైప్‌కు పంపుతామంటే సంతకానికి ముందే నిర్ణయం తేల్చుకోవడం మర్యాద కూడా.

కార్గో రంగం ఒకే తీరుగా సాగదు. ఫెడెక్స్‌కు అమెరికా పోస్టల్ సర్వీస్‌తో ఉన్న పెద్ద ఒప్పందం 2024 సెప్టెంబరులో ముగిసింది, ఆ పని యూపీఎస్‌కు వెళ్ళింది. 2025 నవంబరు 4న లూయీవిల్‌లో యూపీఎస్ ఎండీ-11 ప్రమాదం తర్వాత ఎఫ్ఏఏ ఆదేశంతో ఆ టైప్ అంతా నేలమీద ఆగింది. ఒక టైప్ ఆగితే దాని పైలట్లు సీనియారిటీతో ఇతర సీట్లలోకి వస్తారు, ఆ ఒత్తిడి చివరికి చేరేది అడుగున ఉన్న కొత్తవాళ్ళకే. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని రావడం మంచిది.

ఉత్తర_గాలి

భిన్నాభిప్రాయం ఒకటి. ఇక్కడ అందరూ వెళ్ళడం తప్పనిసరి అన్నట్టు రాస్తున్నారు. మంచి డిపార్ట్‌మెంట్లో, నెల ముందే షెడ్యూల్ వచ్చేచోట, ఇంటి దగ్గరి విమానాశ్రయం నుంచి ఎగిరే 50 ఏళ్ళ కెప్టెన్‌కు లాభం లేదని నా నమ్మకం. శుక్రవారం సాయంత్రం ఫోన్ వచ్చి ఆదివారం దాకా ఇంటికి రాని డిపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్ళ సంగతి వేరు. బేస్‌కు ఇల్లు మార్చడానికి సిద్ధంగా ఉన్నారా అన్నదే అసలు ప్రశ్న. కమ్యూట్ చేసేవాళ్ళకు సగం రోజులు దారిలోనే పోతాయి.

కెప్టెన్_సీటు

ఉత్తర_గాలి గారి మాటతో సగం ఏకీభవిస్తా. బేస్‌కు మారలేనివాళ్ళు అట్లాస్, కలిట్టా వంటి ఏసీఎంఐ కంపెనీల గేట్‌వే పద్ధతి చూడాలి. ఇంటి దగ్గరి విమానాశ్రయం నుంచి ట్రిప్ మొదలయ్యే చోటికి కంపెనీయే టికెట్ కొంటుంది. బదులుగా ఒకేసారి రెండు వారాలకు పైగా ఇంటికి దూరం. అక్కడ చేసిన 121 ఎస్ఐసీ గంటలు 121.436 వెయ్యిలోకి నేరుగా వస్తాయి, పెద్ద కంపెనీ దరఖాస్తులో కూడా ఆ అనుభవం కనిపిస్తుంది.

వాయులేఖ

చివరిగా రెండు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు అదనంగా ఏమైనా ఉందా? ఇంటర్వ్యూలో కార్పొరేట్ అభ్యర్థులను ప్రత్యేకంగా అడిగేదేమిటి?

పత్రాల_పెట్టె

పౌరులు కానివాళ్ళు, గ్రీన్ కార్డుదారులు సహా, ఫ్లైట్ ట్రైనింగ్‌కు ముందు టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) భద్రతా పరిశీలన పూర్తి చేసుకోవాలి. కంపెనీ హెచ్‌ఆర్‌కు ఆఫర్ వచ్చిన రోజే చెప్పండి, క్లాసు తేదీకి ముందు అనుమతి రావాలి.

ఇంటర్వ్యూలో తరచూ తిరిగేది యజమాని ఒత్తిడి చుట్టూనే. వెనక కూర్చున్న ఆయన "ఎలాగైనా దిగాలి" అంటే ఏం చేశారన్నది. జవాబులో మూడు విషయాలుండాలి: ఏ అంకె దగ్గర హద్దు గీశారు, రెండో పైలట్‌ను ఎలా కలుపుకున్నారు, యజమానికి ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పారు. నిబంధన నంబరు చెప్పి ఆగిపోతే చాలదు, అంతా మీ గొప్పే అన్నట్టు చెబితే ఇంకా నష్టం. మీతో ఎగిరిన రెండో పైలట్‌ను పిలిచి అడిగితే అదే సంఘటన అలాగే చెప్పగలగాలి.

లాగ్‌బుక్_లెక్క

దానికి ఒక చేర్పు. చెప్పబోయే సంఘటన తేదీ, రూటు లాగ్‌బుక్‌లో ఏ పేజీలో ఉందో ముందే చూసి గుర్తు పెట్టుకోండి, బల్ల మీద ఆ పేజీ తీసి అడిగే అవకాశం ఉంది. ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్ వాడేవాళ్ళు ప్రింట్ తీసి ప్రతి పేజీ మీద సంతకం పెట్టి, పాత కాగితం లాగ్‌బుక్కులు కూడా వెంట తీసుకెళ్ళండి. రెండిటి మొత్తాలు దశాంశం దాకా కలవాలి. నిమిషాలను పదోవంతులుగా మార్చేటప్పుడు వచ్చే తేడాలు వేల లెగ్గుల మీద పది ఇరవై గంటలవుతాయి. అలాంటి తేడా ఉంటే దరఖాస్తులో చిన్న అంకెనే వేసి, మార్పు ఎలా చేశారో ఒక పేజీ వివరణ లాగ్‌బుక్ ముందు పెట్టండి.